కాంచనజంగను ఇంటికి తేవటం ఎలా?

పున్నమినాడు మీరు ఎప్పుడైనా చంద్రుణ్ణి ఫోటో తీశారా? తీసి వుంటే మీకు ఆశాభంగం కలిగే వుంటుంది. తాటిచెట్ల వెనక పళ్ళెమంత కనిపించిన చంద్రుడు ఫోటోలో మెంతిగింజంత అయిపోతాడు. "ఈ కెమెరా మంచిది కాదు," అనుకుంటారు. కాని తప్పు కెమెరాది కాదు. ఈసారి చంద్రుడు కనిపించినప్పుడు చెయ్యి బాగా చాచి, ఒక కన్ను మూసి, చిటికెనవేలు చంద్రుడికి అడ్డం పెట్టి చూడండి. చంద్రుడు పూర్తిగా దాని చాటుకు పోతాడు! చంద్రుడు అంత చిన్నవాడుగానే కనిపిస్తున్నాడు. పెద్దవాడని అనుకుంటున్నది మన మనస్సు.

నాకు ఇలాంటి ఆశాభంగం ఒక పర్వతం వల్ల కలిగింది. ఆ పర్వతం కాంచనజంగ.

కాంచనజంగ ఎత్తు 8,586 మీటర్లు. దానికన్న ఎత్తయిన శిఖరాలు ప్రపంచంలో రెండే వున్నాయి, ఎవరెస్టూ, కె-2. అది నేపాలుకూ సిక్కిముకూ సరిహద్దున వున్నది. దాని పేరుకు "గొప్ప మంచులోని అయిదు నిధులు" అని అర్థం చెబుతారు. ఆ ప్రాంతాల వాళ్ళకు అది పవిత్రమైన కొండ. 1955 మే 25న జార్జి బాండ్, జో బ్రౌన్ అనే ఇద్దరు మొదటిసారి దాన్ని ఎక్కినప్పుడు, సిక్కిము ప్రజల నమ్మకాన్ని గౌరవించి, కొన మీద కాలు పెట్టకుండా కొద్ది అడుగుల దిగువనే ఆగిపోయారు.

మా అమ్మ చిన్నతనంలో భూగోళం పాఠంలో ఈ కొండ పేరు చదివింది. ఆ పేరు ఆవిడ మనసులో అలాగే వుండిపోయింది. ఎప్పటికైనా వెళ్ళి చూడాలనుకునేది. తీరా వెళ్ళటానికి వీలు కలిగేసరికి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి, ఇంట్లో నాలుగు మెట్లు ఎక్కటమే కష్టమయింది. నేను డార్జిలింగు బయలుదేరుతుంటే, "నేను రాలేను గదరా నాన్నా! నువ్వే ఆ కొండను ఇంటికి పట్టుకురా," అన్నది.

"అదెంతపని!" అన్నాను. జేబులో మంచి ఫోను వున్నది. దానికి మూడు కెమెరా కళ్ళు వున్నాయి. ఇంకేం కావాలి?

డార్జిలింగు పశ్చిమ బెంగాలులో ఉత్తరపు కొసన, కొండల మీద వున్నది. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు న్యూ జల్పాయిగురి దాకా పెద్ద రైలులో వెళ్ళి, అక్కడి నుంచి కొండ ఎక్కాలి. ఎక్కటానికి ఒక చిట్టి రైలు కూడా వున్నది. దాని పట్టాల మధ్య ఎడం రెండడుగులే. అది 1881లో డార్జిలింగు చేరింది. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఆ రైలు నిటారుగా వున్నచోట కాసేపు ముందుకూ, కాసేపు వెనక్కూ నడుస్తూ, కొన్నిచోట్ల చుట్టు తిరిగి తన దారిని తానే దాటుతూ, 2,258 మీటర్ల ఎత్తున వున్న ఘూమ్ స్టేషనుకు ఎక్కుతుంది. అక్కడి నుంచి డార్జిలింగుకు మళ్ళీ దిగుతుంది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు వణుకుతూ జీపు ఎక్కి టైగర్ హిల్‌కు వెళ్ళాను. ఇది ఊరికి సుమారు 11 కిలోమీటర్ల దూరాన, 2,590 మీటర్ల ఎత్తున వున్న కొండ. అప్పటికే అక్కడ వందలమంది చేరారు. స్త్రీలు ప్లాస్కులు పట్టుకుని, "కాఫీ! కాఫీ!" అంటూ తిరుగుతున్నారు. జనమంతా తూర్పుకు తిరిగి సూర్యుడి కోసం ఎదురుచూస్తున్నారు.

కాని చూడవలసింది తూర్పున కాదు. కాఫీ అమ్మే ఒకావిడ నవ్వి, నన్ను ఉత్తరానికి తిప్పింది. సూర్యుడు మాకింకా కనిపించలేదు. లోయలన్నీ చీకటిగా వున్నాయి. ఆ చీకటి మీద, ఆకాశంలో, ఒక కొన మాత్రం ఎర్రగా వెలిగింది. మేమున్న చోటికన్న ఆ కొన ఆరు కిలోమీటర్లు ఎత్తున వున్నది గనక ఎండ దానికి ముందు తగిలింది. ఎరుపు నెమ్మదిగా కిందికి జారింది. తరవాత పసుపయింది, ఆ తరవాత తెల్లనయింది. చుట్టూ వున్నవాళ్ళు మాట్లాడటం మానేశారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ ఎడమవైపు, చాలా దూరాన వున్న మూడు చిన్న కొనలను కూడా చూపి, "వాటిలో ఒకటి ఎవరెస్టు," అన్నది. నేను టకటకా నలభై ఫోటోలు తీశాను. వాటిలో మంచిదాన్ని ఆ సాయంత్రమే ఫోనులో అమ్మకు పంపాను.

ఆవిడ చాలాసేపు చూసి, "బాగున్నదిరా. కాని కొండ ఎక్కడున్నది? ఈ తెల్లగా కనిపించేది మబ్బు కాదూ?" అన్నది.

ఆ తెల్లనిదే కాంచనజంగ!

ఫోటో మళ్ళీ చూశాను. అమ్మ అన్నది నిజమే. సగం పైగా ఖాళీ ఆకాశం. కింద నల్లటి లోయ. రెంటికీ నడుమ ఒక తెల్లటి దారం. ఒక మూల ఎవరిదో ఉన్ని టోపీ. ఉదయం నన్ను ఏడిపించిన కొండ ఇదేనా?

అప్పుడు నాకు చిటికెనవేలు గుర్తుకు వచ్చింది. టైగర్ హిల్‌కు కాంచనజంగ దగ్గర దగ్గర 80 కిలోమీటర్ల దూరాన వున్నది. మీరు అక్కడ నిలబడి, చెయ్యి చాచి, మూడు వేళ్ళు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెడితే, ఆ మూడు వేళ్ళ చాటున ప్రపంచంలోకెల్లా మూడవ ఎత్తయిన శిఖరం దాగిపోతుంది. మామూలు ఫోను కెమెరా ఎంతో వెడల్పుగా చూస్తుంది. ఆ వెడల్పులో ఈ మూడు వేళ్ళ మేర, ఫోటో ఎత్తులో సుమారు పన్నెండో వంతు. అంటే అడుగు ఎత్తున ఫోటో అచ్చువేస్తే అందులో కాంచనజంగ అంగుళం వుంటుంది!

మరి కంటికి అంత పెద్దదిగా ఎందుకు కనిపించింది? మన కన్ను అంతా ఒకేసారి స్పష్టంగా చూడదు. చాచిన చేతి బొటనవేలి గోరంత మేర మాత్రమే బాగా చూస్తుంది. మిగిలినదంతా మసక. అందుచేత మన కన్ను తనకు ముఖ్యమైనదాని మీదే తిరుగుతూ వుంటుంది. ఉన్ని టోపీని లెక్కచెయ్యదు, ఖాళీ ఆకాశాన్ని వదిలేస్తుంది. పైగా ఆ చలీ, నిశ్శబ్దమూ, నాలుగింటికి లేచిన శ్రమా అన్నీ కలిసి కొండను ఇంకా పెంచుతాయి. కెమెరాకు ఇవేవీ తెలియవు. దానికి కాంచనజంగా ఒకటే, ఉన్ని టోపీ ఒకటే.

అందుచేత కంటి పని మనమే చెయ్యాలి. ఏది వుంచాలో, ఏది వదలాలో కెమెరాకు మనం చెప్పాలి.

రెండవ రోజున మబ్బులు కమ్మి కొండ అసలు కనిపించలేదు. చౌరస్తా అనే ఊరి నడి మైదానంలో తిరుగుతూ వుండగా, యాత్రికులకు కొండవాళ్ళ దుస్తులు వేసి ఫోటోలు తీసే ఒక ముసలాయన కనిపించాడు. అక్కడివాళ్ళు అన్నగారిని "దాజు" అంటారు. నేనూ ఆయనను దాజు అని పిలిచి, నా ఫోటో చూపి, నా గోడు చెప్పుకున్నాను.

"కొండ పెద్దది కావాలంటే ఏం చేస్తావు?" అని ఆయన నన్ను హిందీలో అడిగాడు.

"దగ్గరికి పోవాలి," అన్నాను.

"ఎనభై కిలోమీటర్లు పోతావా? లాభం లేదు. వెనక్కి నడు!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మీకు అర్థమయిందా? కాకపోతే ఇంటి దగ్గరే ఈ పరీక్ష చెయ్యండి. మీ ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు వుంటుంది గద. దానికి రెండువందల మీటర్ల దూరాన, ఖాళీ స్థలంలో, మీ తమ్ముణ్ణి నిలబెట్టండి. ముందు నాలుగు అడుగుల దూరం నుంచి ఫోటో తీయండి. తమ్ముడు రాక్షసుడిలా వుంటాడు, ట్యాంకు వాడి చెవి పక్కన బొమ్మలా వుంటుంది. ఇప్పుడు నలభై అడుగులు వెనక్కి నడవండి. కెమెరాకు దూరపుచూపు కన్ను వుంటే దానితో, లేకపోతే తీసిన ఫోటోను తరవాత కత్తిరించి, తమ్ముణ్ణి మళ్ళీ మొదటంత పెద్దగా చేసి చూడండి. ట్యాంకు వాడి తలమీదుగా లేచి నిలబడుతుంది! మీరు వెనక్కి నడిచినప్పుడు తమ్ముడు సుమారు పదకొండో వంతుకు తగ్గాడు, ట్యాంకు మాత్రం కాస్తే తగ్గింది. రెంటినీ కలిపి పెంచితే ట్యాంకు పెరిగినట్టే గద. ఇందులో మోసం ఏమీ లేదు. మీరు చోటు మారారు, అంతే.

దాజు ఇంకో మాట కూడా చెప్పాడు: "కొండ పక్కన కొండంత కానిది ఏదైనా పెట్టు. లేకపోతే అది ఎంతదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?"

ఇది ఎంత సబబో ఆలోచించండి. మనిషి ఎంత వుంటాడో, చెట్టు ఎంత వుంటుందో మనకు తెలుసు. మంచుకొండ ఎంత వుంటుందో మాత్రం కంటితో చూసినవాళ్ళకు తప్ప తెలియదు. తెలిసినదాన్ని పక్కన పెడితే తెలియనిది అర్థమవుతుంది.

మబ్బుల వల్ల నాకు మేలే కలిగింది. కొండ కనిపించదు గనక చోటు వెతకటానికి తీరిక దొరికింది. చౌరస్తా వెనక అబ్జర్వేటరీ హిల్ అనే గుట్ట వున్నది. దాని మీద మహాకాలుడి గుడీ, గుడి చుట్టూ నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల ప్రార్థన జెండాలూ వుంటాయి. గుట్ట చుట్టూ నడిచే దారి ఉత్తరపు వైపు తిరిగేచోట ఎదురుగా కాంచనజంగ కనిపిస్తుందని దాజు చెప్పాడు. ఆ దారంతా మూడుసార్లు తిరిగాను. ఒక మలుపులో ధూపి చెట్టు ఒకటి ఒంటరిగా నిలబడి వున్నది. దారి ఒక పక్కనుంచి వంపు తిరిగి ఆ చెట్టు వైపే పోతున్నది. కొండ ఏ దిక్కున వుంటుందో చూసుకుని, చెట్టు నుంచి వంద అడుగులు వెనక్కి వచ్చి, గోడకు ఒక రాయి ఆనించి గుర్తు పెట్టుకున్నాను.

ఆ రాత్రి నాకు విత్తోరియో సెల్లా కథ జ్ఞాపకం వచ్చింది. ఆయన ఇటలీ దేశస్థుడు, 1859లో పుట్టాడు. ఆయన తండ్రి ఇటాలియన్ భాషలో ఫోటోగ్రఫీని గురించి పుస్తకం రాసినవాడు. 1899లో డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు డార్జిలింగు నుంచి బయలుదేరి కాంచనజంగను పూర్తిగా చుట్టి వచ్చినప్పుడు సెల్లా ఆయన వెంట వెళ్ళాడు. ఆ రోజుల్లో ఫోటోలు గాజుపలకల మీద తీసేవాళ్ళు. పెద్ద కెమెరానూ, దాన్ని నిలబెట్టే ముక్కాలిపీటనూ, పగిలిపోయే గాజుపలకల పెట్టెలనూ మంచులో మోసుకుపోవాలి. ఆ సెప్టెంబరు నెలాఖరున పెద్ద తుఫాను వచ్చి డార్జిలింగులో కొండచరియలు విరిగిపడ్డాయి, పైన దారులన్నీ మంచుతో నిండిపోయాయి. అయినా సెల్లా ఫోటోలతో తిరిగివచ్చాడు. ఒక పలకలో పట్టని పర్వతాల వరసను ఆయన అనేక పలకల మీద పక్కపక్కన తీసి అతికేవాడు. ఆయన ఫోటోలు ఈనాటికీ పర్వతారోహకులు దారులు వెతుక్కోవటానికి పనికివచ్చేటంత స్పష్టంగా వుంటాయి. మోసుకుపోయిన ఒక్కొక్క పలకా విలువైనదే గనక, పలక పెట్టేముందు ఆయన బాగా చూసేవాడు. నేనేమో చూడకుండా నలభై తీశాను!

మూడవ రోజున చీకటి వుండగానే రాయి గుర్తు దగ్గరికి చేరాను. మబ్బు విడిపోయింది. ఫోనును గోడ మీద కదలకుండా ఆనించాను. మసక వెలుతురులో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుని వుంటుంది. ఆ సమయంలో చెయ్యి ఏమాత్రం వణికినా కొండ అలుక్కుపోతుంది. చలిలో చెయ్యి వణకక మానదు గద! అందుచేత నొక్కిన రెండు సెకన్ల తరవాత తనంతట తానే ఫోటో తీసుకునే ఏర్పాటు పెట్టాను.

తరవాత చట్రం సరిచూశాను. మీ ఫోటోను నిలువుగా రెండు గీతలూ, అడ్డంగా రెండు గీతలూ గీసి తొమ్మిది గళ్ళు చేసినట్టు ఊహించుకోండి. చాలా ఫోన్లలో ఈ గీతలు కనిపించే ఏర్పాటు వున్నది. కొండను నట్టనడుమ పెడితే చూపు అక్కడే నిలిచిపోతుంది. గీతలు కలిసేచోట పెడితే చూపు మిగతా బొమ్మలోకి కూడా పోతుంది. నేను శిఖరాన్ని కుడివైపు పైగీత దగ్గర వుంచాను, చెట్టును ఎడమవైపు గీత మీద వుంచాను. దారి కింది మూల నుంచి బయలుదేరి చెట్టు దాకా పోయింది. చెట్టు వెనక నల్లని గట్టు, దాని వెనక నీలం గట్టు, దాని వెనక ఇంకా లేతనీలం గట్టు, అన్నిటి వెనకా మంచు. దూరం పోయినకొద్దీ కొండలు లేతనీలంగా ఎందుకు కనిపిస్తాయంటే, మధ్యన వున్న గాలి నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా వుండటానికీ ఇదే కారణం. అందుచేత ఆ నీలం మసకను చూసి విసుక్కోకండి. ఫోటోలో దూరాన్ని చూపేది అదే.

5-35కు కొన ఎర్రబడింది. అప్పుడే ఎవరో ముసలమ్మ జపమాల తిప్పుకుంటూ ఆ దారిన వచ్చింది. ఆవిడ చెట్టు కిందికి చేరేదాకా ఆగి, ఒక్క ఫోటో తీశాను. తరవాత ఇంకో రెండు తీశాను. జేబులోని చిన్న పుస్తకం తీసి ఇలా రాసుకున్నాను: "5-35 కొన కుంకం రంగు. 5-45 బంగారం. నీడలు ఊదా. ఆకాశం పైన లేతనీలం, కింద గులాబీ. 6-15 అంతా తెలుపు." ఇలా రాసుకోవటం ఎందుకో మీకు ఇప్పుడే చెబుతాను.

గది చేరి చూస్తే ఫోటో మొదటిదానికన్న ఎంతో మేలుగా వున్నది. అయినా లోపాలున్నాయి. బొమ్మ కాస్త ఒరిగింది. మంచు బూడిదరంగుగా వున్నది. దీనికి కారణం చెబుతాను. తాను చూసేది మరీ తెలుపూ మరీ నలుపూ కాకుండా నడిమరకంగా వుంటుందని కెమెరా అనుకుంటుంది. అందుచేత తెల్లటి మంచును చూస్తే వెలుతురు ఎక్కువయిందనుకుని తగ్గించేస్తుంది. ఇక ఉదయపు ఎరుపును చూసి, దీపపు రంగు తేడా కాబోలనుకుని దాన్నీ చల్లార్చేస్తుంది.

సరిచేద్దామని కూర్చున్నాను. ఫోనులో రంగు పెంచే గీత ఒకటి వుంటుంది. కొంచెం జరిపాను, బాగున్నది. ఇంకొంచెం జరిపాను, ఇంకా బాగున్నది. చివరకు ఆకాశం నీలిమందు కలిపినట్టయింది, మంచు కుంకం పోసినట్టయింది. అంతటితో ఆగానా? శిఖరాన్ని కత్తిరించి, రెండింతలు పెంచి, అక్కడే అతికాను. అమ్మకు పంపాను.

ఆవిడ చూసి, "ఆహా, కాలెండరు బొమ్మలా వున్నది!" అన్నది. కాసేపు ఆగి, "ఒరే, నువ్వక్కడ నిలబడినప్పుడు నిజంగా ఇలాగే వున్నదా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆవిడ నన్ను బొమ్మ గీసి పంపమనలేదు. తాను చూడలేకపోయిన కొండను తనకు బదులుగా చూసిరమ్మన్నది. నా కళ్ళను నమ్ముకున్నది. ఆవిడ ఇక ఎన్నడూ వెళ్ళి సరిచూసుకోలేదు గనక, నేనేది చూపితే అదే ఆవిడకు కాంచనజంగ అయిపోతుంది. నేను పంపినది ఎవరూ ఎన్నడూ చూడని కొండ!

అలాగని ఫోటోను అసలు ముట్టుకోకూడదా? అదీ కాదు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే గొప్ప ఫోటోగ్రాఫరు వుండేవాడు. 1927 ఏప్రిల్ 10న, తన 25వ ఏట, ఆయన యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే బ్రహ్మాండమైన బండను తీయటానికి మంచులో నడిచి ఎక్కాడు. అసలు చోటు చేరేసరికి ఆయన దగ్గర రెండే గాజుపలకలు మిగిలాయి. ఒకటి పసుపు అద్దం అడ్డం పెట్టి తీశాడు. తీసీ తీయగానే, ఆ బండను చూసి తన మనసులో కలిగిన భావం అందులో రాదని ఆయనకు తోచింది. మిగిలిన ఒక్క పలకనూ ముదురు ఎర్ర అద్దం పెట్టి తీశాడు. ఎర్ర అద్దం నీలి వెలుగును ఆపేస్తుంది. అందుచేత నీలాకాశం నల్లబడి, దానిముందు బండ తెల్లగా, భయం పుట్టించేలా లేచి నిలబడింది. ఆ ఫోటోతో ఆయనకు పేరు వచ్చింది.

ఆడమ్స్ తరవాత చీకటిగదిలో కూడా ఎంతో శ్రమపడేవాడు. కాగితం మీద బొమ్మ దిగేటప్పుడు, నల్లబడిపోయే చోటికి అట్టముక్క అడ్డుపెట్టి వెలుతురు తగ్గించేవాడు. మరీ తెల్లబడే చోటికి ఎక్కువసేపు వెలుతురు పోనిచ్చేవాడు. ఆయన మొదట పియానో విద్వాంసుడు కావాలనుకున్నవాడు. అందుచేత నెగటివును సంగీతం రాసిన కాగితంతోనూ, అచ్చువేసిన ఫోటోను కచేరీతోనూ పోల్చేవాడు. కచేరీ చేసేవాడు రాగానికి ప్రాణం పోస్తాడు. కాని రాగాన్నే మార్చెయ్యడు గద!

అసలు ఏమీ మార్చని ఫోటో మటుకు ఎప్పుడూ నిజం చెబుతుందా? టైగర్ హిల్ నుంచి కనిపించిన మూడు కొనల్లో మకాలూ ఒకటి, ఎవరెస్టు ఒకటి. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు, మకాలూ ఎత్తు 8,485. కాని ఎవరెస్టు అక్కడికి 170 కిలోమీటర్ల పైచిలుకు దూరం. మకాలూ కాస్త దగ్గర. అందుచేత కంటికీ, ఫోటోలోనూ మకాలూయే పెద్దదిగా కనిపిస్తుంది. ఫోటో కింద ఆ సంగతి రాయకపోతే చూసినవాళ్ళు పొరబడతారు. అందుచేత నిజం చెప్పవలసింది కెమెరా కాదు, కెమెరా పట్టుకున్నవాళ్ళు.

నేను మొదటి ఫోటోను మళ్ళీ తీసుకున్నాను. అదృష్టవశాత్తు దాని నకలు వేరే వుంచాను. మీరు కూడా ఎన్నడూ అసలు ఫోటోను ముట్టుకోకండి, నకలు మీదే పనిచెయ్యండి.

మొదట ఒరుగు సరిచేశాను. లోకంలో చెట్టు నిటారుగా వుండగా ఫోటోలో ఒరిగితే అది తప్పే గద. తరవాత అంచులు కత్తిరించాను. పైన ఖాళీ ఆకాశం కొంతా, కింద ఇనప కటకటా కొంతా పోయాయి. కన్ను కూడా వాటిని చూడలేదు. తరవాత మంచు తెల్లబడేదాకా వెలుతురు పెంచాను. అయితే మంచులోని గాళ్ళూ, ముడతలూ కనిపిస్తూ వుండగానే ఆగాను. అవి పోతే మంచు సున్నం కొట్టిన గోడలా వుంటుంది. ఒక సంగతి జ్ఞాపకం వుంచుకోండి. ఫోటో తీసేటప్పుడే ఒకచోట పూర్తిగా తెల్లబడిపోతే, తరవాత ఎంత చేసినా అక్కడి వివరాలు తిరిగి రావు. నీడలో వున్నవి మాత్రం కొంతవరకు బయటికి వస్తాయి. అందుచేత తీసేటప్పుడు మంచును కాపాడుకోవాలి, నీడలను తరవాత చూసుకోవచ్చు.

చెట్టు కింది చీకటిని కొద్దిగా విడదీస్తే ముసలమ్మ కనిపించింది. దూరపు గట్ల మసకను ఒక పిసరు తగ్గించాను. పూర్తిగా తీసెయ్యలేదు. తీసేస్తే 80 కిలోమీటర్లూ ఎనిమిది అయిపోతాయి.

ఇక రంగు. ఇక్కడే నా చిన్న పుస్తకం పనికివచ్చింది. "కొన కుంకం రంగు, నీడలు ఊదా" అని రాసి వున్నది. కెమెరా చల్లార్చిన ఎరుపును కొన మీద అంతమటుకే తిరిగి తెచ్చాను. మంచు నీడల్లో ఊదా రాగానే ఆగిపోయాను. మనసు రోజురోజుకూ రంగులు పెంచుతుంది, పుస్తకం పెంచదు.

అంతా అయ్యాక వెంటనే పంపలేదు. ఫోను పక్కన పెట్టి నిద్రపోయాను. రాత్రి బాగున్నట్టు తోచిన ఫోటోను పొద్దున మళ్ళీ చూడాలి. చూస్తే ఎరుపు ఇంకా కాస్త ఎక్కువగానే వున్నట్టు తోచింది. తగ్గించాను.

ఇలా చేసినదానికీ, కొండను పెంచి అతకటానికీ తేడా ఏమిటి? 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక పలక మీదా, ఆకాశాన్ని వేరే పలక మీదా తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేసేవాడు. ఆనాటి పలకల మీద సముద్రం సరిగా వస్తే ఆకాశం తెల్లగా పాడయిపోయేది. అంటే పలక చెయ్యలేని పనిని ఆయన మరోదారిన చేశాడు. అలా జోడించటంలో తప్పులేదు. కాని జోడించానని చెప్పాలి. చెప్పటానికి సిగ్గు వేస్తే ఆ మార్పు చెయ్యకపోవటమే మంచిది. నేను ఈ కొలత పెట్టుకున్నాను. మీకు ఇంతకన్న మంచి కొలత తోస్తే అదే వాడండి.

ఆ ఫోటోను నేను ఫోనులో పంపలేదు. ఇంటికి వచ్చాక పెద్దది అచ్చువేయించి, అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ముందు ముసలమ్మను చూసింది. "ఎవరీవిడ? చీమంత వున్నదే!" అన్నది. తరవాత చెట్టును చూసింది. ఆ చెట్టు మీదుగా చూపు పైకి పోయింది. అక్కడ ఆగిపోయింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"అబ్బ! ఎంత కొండరా!" అన్నది చివరకు. "ఇలాగే వున్నదా?"

"ఇలాగే వున్నదమ్మా," అన్నాను.

మీకు హిమాలయాలు అందుబాటులో లేకపోతే విచారించకండి. అరకు దారిలో అనంతగిరి కొండలున్నాయి, శ్రీశైలం దారిలో నల్లమల కొండలున్నాయి, మీ ఊరి పక్కన ఏదో గుట్ట వుండనే వుంటుంది. సెలవునాడు తెల్లవారకముందే లేచి, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. కెమెరా తీయకముందు అయిదు నిమిషాలు కొండను ఊరికే చూడండి. మీకు నచ్చినది ఏమిటో ఒక వాక్యంలో రాసుకోండి. తరవాత వెనక్కి నడవండి. వెనక్కి నడిచేటప్పుడు మాత్రం వెనక ఏమున్నదో చూసుకోండి, కొండ అంచున ఇది మరిచిపోరాదు. ఇంటికి వచ్చి, కొండకు రాలేకపోయినవాళ్ళు ఎవరైనా వుంటే వాళ్ళకే ఫోటో ముందు చూపండి. "ఇలాగే వున్నదా?" అని వాళ్ళు తప్పక అడుగుతారు.